అయ్యగారూ, నా పేరు రాసుకోండి



2023 నవంబరు మొదటి వారములో మా నాచారం సంఘములో ఒక వృద్ధ తల్లి ప్రభువునందు నిద్రించినది. ఎనభై ఏండ్లు దాటిన మనిషి. ప్రతి ఆదివారము ఆరాధనకు అరగంట ముందే వచ్చి, ముందు వరుసలో చాప మీద, గోడకు ఆనుకొని కూర్చొనేది. పారిశ్రామిక వాడలో రెండు మూడు ఫ్యాక్టరీలలో పని చేసి నలుగురు పిల్లలను పెంచిన విధవరాలు. పెద్దకుమారుడు కంపెనీ బస్సు నడుపుతాడు గనుక మేమందరము ఆమెను "డ్రైవరు వాళ్ళమ్మ" అని పిలిచేవారము.

సమాధి కార్యక్రమమునకు ముందు రోజు రాత్రి రిజిస్టరు ముందు పెట్టుకొని, "అమ్మ పేరు ఏమని వ్రాయమంటారు?" అని కుమారులను అడిగాను. పెద్దవాడు ఒక పేరు చెప్పినాడు. చిన్నవాడు, "అది మేనమామలు పిలిచే పేరన్నా, అసలు పేరు కాదు" అన్నాడు. బాప్తిస్మపు పేరు వేరే ఉండవలెను అని ఎవరో అన్నారు. అది ఎవరికీ జ్ఞాపకము లేదు. మన పల్లె క్రైస్తవ కుటుంబములలో ఊరిలో ఒక పేరు, సంఘములో ఒక పేరు ఉండుట మీకు తెలిసినదే. చివరకు కోడలు లోపలికి పోయి, రేకు పెట్టెలో నుండి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టిన ఓటరు కార్డు తెచ్చినది. ఆ తల్లి దానిని చీరల అడుగున దాచుకొన్నదట. ఆ కార్డు మీద ఆమె పేరు ఉన్నది. చక్కని పేరు.

పదకొండు సంవత్సరములు ఆ తల్లి చేతికి ప్రభురాత్రి భోజనపు రొట్టె అందించినవాడను నేను. ఆమె పేరు నాకు ప్రభుత్వము వారి కార్డు చెప్పవలసి వచ్చినది.

(పత్రికలో పేరు వేయవద్దని కుమారులు కోరినారు గనుక ఇక్కడ వ్రాయలేదు. మా రిజిస్టరులో మాత్రము ఉన్నది.)

ఆ రాత్రి ఇంటికి వచ్చి నిద్ర పట్టక, సంఘ కుటుంబముల రిజిస్టరు మొదటి పేజీ నుండి చదివాను. ఇంటి యజమాని పేరు, తరువాత "భార్య", తరువాత పిల్లల పేర్లు. కుమారులకు పేర్లు ఉన్నవి. చాలా ఇండ్లలో "భార్య" అన్న మాట దగ్గర ఇంకేమీ లేదు. అట్టివి లెక్కపెడితే అరవై ఒకటి తేలినవి. అందులో సగము నా ముందటి సేవకుల చేతివ్రాత. మిగిలిన సగము నాదే.

ఆ నెలాఖరునే అసెంబ్లీ ఎన్నికలు. నవంబరు 30న ఉప్పల్ నియోజకవర్గములో మేమందరము ఓటు వేయవలసి ఉన్నది. వీధి వీధికీ మైకులు తిరుగుచున్నవి. ఎవరికి వేయాలో నేను సంఘములో ఎన్నడూ చెప్పలేదు, ఇకను చెప్పను. కాని ఆ సంవత్సరము ఓటరు చీటీలు పంచే మనిషి మా ఇంటికి వచ్చి, "ఈ ఇంట్లో ముగ్గురు" అని మా ఆవిడ పేరు, మా అమ్మాయి పేరు, నా పేరు వరుసగా చదివినప్పుడు ఎప్పుడూ లేనట్లు చెవి పెట్టి విన్నాను. మా నాయనమ్మ జ్ఞాపకము వచ్చినది.

మా నాయనమ్మది ఆలేరు ప్రాంతములోని ఒక పల్లె. 1952లో మన దేశపు మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఓటు వేసినది. అప్పటికి ఆమెకు ఇరవై రెండు ఇరవై మూడేండ్లు ఉండవచ్చు. అంతకు ముందు నిజాము రాజ్యములో వయసు వచ్చిన వారందరికీ ఓటు అనే మాటే లేదు, ఆడవారి సంగతి దేవుడెరుగు. ఎన్నికలకు ముందు జాబితా తయారు చేయుటకు పట్వారీ తరఫు మనిషి మా వాడకు వచ్చినాడట. మా తాత తల్లి, అనగా నాయనమ్మకు అత్తగారు, వాకిట్లో నిలబడి, "ఫలానా వాని పెండ్లాం అని రాసుకో" అన్నది. ఆ మనిషి, "అట్ల కుదరదు, పేరు కావాలె" అన్నాడు. అత్తగారు మళ్ళీ అదే చెప్పినది. అప్పుడు తలుపు వెనుక రొట్టెల పిండి పిసుకుచున్న మా నాయనమ్మ, అక్కడి నుండే, గట్టిగా తన పేరు చెప్పినదట.

"అంత గొంతు యాడిది నీకు?" అని అత్తగారు ఆ రోజంతా తిట్టినది. మగవానికి వినబడేటట్లు కోడలు తన పేరు చెప్పుట ఆ దినములలో చిన్న సంగతి కాదు. ఈ కథ మా నాయనమ్మ నాకు పది సార్లయినా చెప్పియుంటుంది. తిట్లు తిన్న భాగము వచ్చినప్పుడల్లా నవ్వేది.

ఆ పట్వారీ మనిషి "అట్ల కుదరదు" అనుటకు ఒక కారణము ఉన్నది. అది నేను పెద్దవాడనయిన తరువాత చదివి తెలుసుకొన్నాను. మొదటి ఎన్నికల ఓటరు జాబితాలు వ్రాయునప్పుడు, దేశములో లక్షలాది స్త్రీలు తమ పేర్లు చెప్పుటకు ఒప్పుకొనలేదు. ఫలానా వాని తల్లి, ఫలానా వాని భార్య అని మాత్రమే వ్రాయించినారు. బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్ వైపు ఇది మరీ ఎక్కువ. అప్పటి ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ గారు, పేరు లేనివారిని జాబితాలో ఉంచరాదని గట్టిగా నిలబడినారు. దాదాపు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది ఆ విధముగా కొట్టివేయబడినారు. పత్రికలు గోల చేసినవి. ఆయన మాత్రము, ఇదే మంచిది, వచ్చే ఎన్నికల నాటికి ఈ సంకోచము పోతుంది అన్న ఉద్దేశముతో ఉన్నారు. మొదట చదివినప్పుడు ఇది కఠినముగా తోచినది. మా రిజిస్టరులో అరవై ఒక్క ఖాళీలు చూచిన తరువాత ఆయన చేసిన పని నాకు అర్థమైనది.

ఇక ఓటు వేసిన రోజు. నాలుగు మైళ్ళు నడిచి, చంకలో మా పెద్దత్తను ఎత్తుకొని పోయినదట. అప్పట్లో ఒకే కాగితము మీద అన్ని గుర్తులు ఉండేవి కావు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద అతని గుర్తు. ఇచ్చిన కాగితము మనకు ఇష్టమైన పెట్టెలో వేయవలెను. ఆ ఎన్నికలలో ఆలేరు నుండి గెలిచి హైదరాబాదు శాసనసభకు వెళ్ళినది ఒక స్త్రీయే. తెలంగాణ పోరాటములో పాల్గొని జైలుకు పోయి వచ్చిన ఆరుట్ల కమలాదేవి గారు. నాయనమ్మ ఎవరికి వేసినదో మాత్రము ఎవరికీ తెలియదు. మా తాత అడిగితే "పెట్టెలో ఏసిన" అన్నది. ఆయన నలుబది ఏండ్లు అడిగినాడు. నలుబది ఏండ్లూ అదే జవాబు.

ఈ హక్కు ఊరికే వచ్చినది కాదు. దాని వెనుక మన హైదరాబాదు బిడ్డ ఒకరున్నారు. 1879లో ఈ నగరములోనే పుట్టిన సరోజినీ నాయుడు గారు 1917 డిసెంబరులో మద్రాసులో స్త్రీల ప్రతినిధి బృందమునకు నాయకురాలై, భారత వ్యవహారముల మంత్రి మాంటేగు దొరను కలిసి, కొత్త చట్టములో స్త్రీలను కూడ ప్రజలుగా లెక్కించవలెనని అడిగినారు. తరువాత వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశపు ఆచారములకు అది కుదరదని తోసివేసినది. 1919లో ఆమె లండనుకు పోయి అక్కడ పార్లమెంటు కమిటీ ఎదుట మాట్లాడినారు. చివరకు ఆ చట్టము, మీ మీ రాష్ట్రములలో మీరే తేల్చుకొండని వదిలిపెట్టినది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చినది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే గదా, ఆ విధముగా తెలుగు స్త్రీలలో కొందరికి మొదట ఓటు వచ్చినది. అదియు తమ పేర ఆస్తి ఉన్నవారికే. 1935 చట్టము దానిని కొంత పెంచినది గాని, అందులో చదువు వచ్చిన స్త్రీకో, ఆస్తిగల ఓటరు భార్యకో ఓటు. అంటే, చాలామందికి ఓటు కూడ "ఫలానా వాని భార్య" అన్న లెక్కలోనే.

ఆ లెక్కను తీసివేసినది మన రాజ్యాంగము. దానిని వ్రాసిన సభలో పదిహేనుగురు స్త్రీలు ఉన్నారు. రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి గారు ఒకరు. తిరువాన్కూరు నుండి వచ్చిన ఆనీ మస్కరీన్ గారు క్రైస్తవురాలు. 326వ అధికరణము ప్రకారము ఇరవై ఒక్క ఏండ్లు నిండిన ప్రతివారికి ఓటు. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు, భర్త ఎవరని అడగలేదు. 1989 నుండి ఆ వయసు పద్దెనిమిది అయినది. స్విట్జర్లాండు దేశములో స్త్రీలు జాతీయ ఎన్నికలలో ఓటు కొరకు 1971 వరకు కనిపెట్టవలసి వచ్చినదని చెబితే మా స్త్రీల సమాజములో నమ్మలేదు. ఆలేరు పల్లెలో మా నాయనమ్మ అప్పటికే నాలుగైదు సార్లు పెట్టెలో వేసినది!

ప్రపంచములో జాతీయ ఎన్నికలలో స్త్రీలకు మొదట ఓటు ఇచ్చిన స్వపరిపాలక దేశము న్యూజిలాండు, 1893లో. దాని కథలో మన సంఘములకు సంబంధించిన మాట ఒకటి ఉన్నది. ఆ ఉద్యమము నడిపిన కేట్ షెపర్డ్ గారు సంఘములో సేవ చేసిన విశ్వాసి. మద్యమునకు విరోధముగా పనిచేసే క్రైస్తవ స్త్రీల సమాజములో ఉండి, తాగుడు వలన ఇండ్లు పాడగుట చూచి, ఓటు లేనిదే చట్టము మారదని గ్రహించినారు. దేశమంతటా స్త్రీల సంతకములు కూర్చినారు. దాదాపు 32,000 సంతకములు. ఆ కాగితములన్నీ ఒకదానికొకటి అంటించి, చుట్టగా చుట్టి పార్లమెంటుకు పంపినారు. సభలో దానిని పరిస్తే నేల మీద దొర్లుకుంటూ పోయినదట. ముప్పది రెండు వేల పేర్లు!

దాదాపు నూరేండ్లకు మన నెల్లూరు జిల్లాలో అదే జరిగినది. 1992లో దూబగుంట స్త్రీలు, రాత్రి తరగతులలో అక్షరములు నేర్చుకొన్నవారు, సారా అంగడి మా ఊరిలో వద్దని లేచినారు. రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతటా వినబడినది. జిల్లాలకు జిల్లాలు కదిలినవి. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారా నిషేధించినది. 1994 ఎన్నికలలో, మన నాచారంలో స్టూడియో కట్టిన ఎన్.టి. రామారావు గారు సంపూర్ణ నిషేధము చేస్తానని వాగ్దానము చేసి గెలిచినారు. 1995 జనవరిలో నిషేధము వచ్చినది, 1997లో పోయినది. పోయినందుకు దుఃఖపడిన తల్లులు మీ ఊరిలోనూ ఉన్నారు, మా బస్తీలోనూ ఉన్నారు. జీతము రోజు సాయంత్రము ఫ్యాక్టరీ గేటు దగ్గర భర్త కొరకు నిలబడే సహోదరీలను నేను ఇప్పటికీ చూస్తున్నాను.

ఆ కాలములోనే మా మేనత్త సంగతి ఒకటి. నాయనమ్మ చంకనెక్కి పోలింగుకు పోయిన పెద్దత్త కాదు, ఆమె చెల్లెలు. 73వ రాజ్యాంగ సవరణ వలన పంచాయతీలలో మూడవ వంతు స్థానములు స్త్రీలకు వచ్చిన తరువాత, 1995లో మా మేనత్త వార్డు మెంబరుగా గెలిచినది. మొదటి మీటింగుకు పోతే కుర్చీలో మా మామను కూర్చోబెట్టి, ఆమెను గుమ్మము దగ్గర నిలబెట్టినారు. "సంతకం పెట్టి పో అమ్మా, పొలం పనులుంటయి గదా" అన్నారు. ఆమె, "ఏం రాసిన్రో సదివి వినిపియ్యున్రి. ఇన్నంకనే పెడ్త" అన్నది. కార్యదర్శి మా మామ వైపు చూచినాడట. మా మామ మంచివాడు, గాని మాటకారి కాదు. లేచి కుర్చీ ఆమెకు ఇచ్చి బయటకు పోయి బీడీ వెలిగించుకొన్నాడు. ఆ అయిదేండ్లలో మా వాడకు ఒక బోరింగు వచ్చినది. దానికి ఎవరి పేరూ పెట్టలేదు. వాడలోని ఆడవారు మాత్రము మా మేనత్తను తలచుకొంటూనే నీళ్ళు పట్టుకొనేవారు.

సాహసము అంటే మనము పెద్ద పెద్ద సంగతులు తలంచుతాము. కొండలు ఎక్కుట, సముద్రములు దాటుట. మా ఇంటి ఆడవారి సాహసములు చూడండి: తలుపు వెనుక నుండి ఒక పేరు, ఒక కాగితము చదివి వినిపించమని అడుగుట. అంతే. దానికే వారు ఎంత గుండె గట్టి చేసికొనవలసి వచ్చినదో!

పరిశుద్ధ గ్రంథములో సెలోపెహాదు కుమార్తెలు మీకు జ్ఞాపకమే. తండ్రి చనిపోయినాడు, కుమారులు లేరు. అయిదుగురు అక్కచెల్లెండ్రు మోషే యెదుట, యాజకుని యెదుట, ప్రధానుల యెదుట, సమాజమంతటి యెదుట నిలిచి మాకును స్వాస్థ్యము ఇమ్మని అడిగినారు. దేవుడు, వారు అడిగినది న్యాయమే అని చెప్పెను. ఈ భాగము మీద నేను ఎన్నో ప్రసంగములు చేసినాను. కాని వారి పేర్లు – మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా – అన్నీ గ్రంథములో ఒకసారి కాదు, మరల మరల వ్రాయబడినవని ఈ మధ్యనే గమనించాను. "సెలోపెహాదు కుమార్తెలు" అని వ్రాస్తే సరిపోయేది గదా? రోమా పత్రిక చివరి అధ్యాయములోను అంతే. ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. డిప్లొమా చదివే రోజులలో పరీక్ష కొరకు ఈ పట్టీ కంఠస్థము చేసినాను. నిజము చెప్పవలెనంటే, పౌలుగారు కూడ అక్కడ ఒక తల్లి పేరు వదిలిపెట్టి "రూఫు తల్లి" అన్నట్టే వ్రాసినారు. కాని ఆమె నాకును తల్లి అన్నారు. మా డ్రైవరు వాళ్ళమ్మ విషయములో నేను ఆ మాటయైనా అనియుండలేదు.

2013లో నంద్యాల అధ్యక్ష మండలమునకు పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘపు మొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకింపబడినప్పుడు నేను ఎంతో సంతోషించి ప్రార్థన చేసినవాడను. అదే సంవత్సరము నేను చేర్చుకొన్న నాలుగు కుటుంబములకు "భార్య" అని మాత్రమే వ్రాసినాను. రిజిస్టరులో తేదీలతో సహా ఉన్నది.

నవంబరు 30న మా సంఘములోని ఫ్యాక్టరీ సహోదరీలలో ఇద్దరు, సెలవు పెడితే ఆ రోజు కూలి కోస్తారని భయపడి నన్ను అడిగినారు. పోలింగు రోజున జీతముతో కూడిన సెలవు ఇవ్వవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టము, 135బి సెక్షనులో, ఉన్నది. రోజుకూలి వారికి కూడ వర్తించును. ఇది మీ ఊరిలో పని చేసే చెల్లెండ్రకు కూడ చెప్పండి. ఇద్దరును వేసి వచ్చినారు. ఒకామె వేలి మీది సిరా గుర్తు ఆదివారము పాటలకు చప్పట్లు కొట్టునప్పుడు నాకు కనిపించినది.

2024 మే 13న లోక్‌సభ ఎన్నికలు అయిన తరువాత, జూన్ నెలలో, పెద్దలతో మాట్లాడి ఒక ఆదివారము రిజిస్టరు తిరిగి వ్రాయుటకు నిర్ణయించినాము. అందరూ వెంటనే ఒప్పుకొన్నారని చెప్పను. "ఉన్నది చాలదా అయ్యగారూ, కొత్త పుస్తకము ఖర్చు ఎందుకు?" అన్నారు ఒక పెద్ద. ఇంకొకరు, "ఇంటికి యజమాని ఒక్కడే గదా" అన్నారు. నేను ఆ తల్లి సమాధి రాత్రి సంగతి చెప్పినాను. ఇంకేమియు చెప్పలేదు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఖర్చు మాట ఎత్తిన ఆ పెద్దే జేబులో నుండి డబ్బు తీసి పుస్తకము కొరకు ఇచ్చినారు.

ఆరాధన అయిన తరువాత బల్ల వేసి మా అమ్మాయిని కూర్చోబెట్టినాను. దాని చేతివ్రాత నాకంటె బాగుంటుంది. భర్తలు చెబితే వ్రాయవద్దు, ఎవరి పేరు వారే చెప్పవలెను అని ముందే ప్రకటించినాము. చిన్నవయసు వారు చకచక చెప్పి పోయినారు. కొందరు పెద్దమ్మలు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని భర్త వైపు చూచినారు. భర్తలు పైకప్పు వైపు చూచినారు. నవ్వులు, గోల. ఒకామె రెండు పేర్లు చెప్పి రెండూ వ్రాయమన్నది. వ్రాసినాము. ఇద్దరు వారాల తరబడి రాలేదు, ఇంటికి వెళ్ళి అడిగినాము. ఒకామె ఇప్పటికీ చెప్పలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచినాము.

ఆ ఆదివారము చివరగా వచ్చినది డెబ్బది దాటిన ఒక తల్లి. మల్లాపూర్ వైపు నుండి కర్ర పట్టుకొని నడిచి వస్తుంది. వెనుక ఆమె భర్త. బల్ల దగ్గరకు రాగానే అలవాటు చొప్పున ఆయన నోరు తెరిచినాడు. "నువ్వాగు" అన్నది ఆమె. నా వైపు తిరిగి, "అయ్యగారూ, నా పేరు రాసుకోండి" అని, తండ్రి పేరు, ఊరి పేరు, తన పేరు అన్నీ కలిపి చెప్పినది. మా అమ్మాయి వ్రాసినది.

"సదువు బిడ్డా."

అమ్మాయి చదివినది. ఆమె కర్ర బల్లకు ఆనించి, చెవి ముందుకు వంచినది.

"ఇంకోసారి."